స్వామి ముందు బల్బు

తాళం ఒక మెట్టు తిరిగింది, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది, దాని పక్కన ఆయిలు దీపం వెలిగింది, వాటికి పైన అన్నవరం సత్యనారాయణస్వామి పటం ముందున్న పెసరగింజంత బల్బు కూడా వెలిగింది. ఇక రెండో మెట్టు తిరుగుతుంది, సెల్ఫు కొడుతుంది, ఇంజను అందుకుంటుందో లేదో తేలిపోతుంది అని ఎడమ సీట్లో కూర్చున్న గౌరీశ్వరి ఊపిరి బిగబట్టింది. రెండో మెట్టు తిరగలేదు. వెంకటరమణమ్మగారు తాళం మీద నుంచి చెయ్యి తీసేసి, ఒళ్లోని చేతిసంచీలోంచి తులసిమాల తీసి, కళ్లు మూసుకుని పెదవులు కదపడం మొదలుపెట్టారు.

దండం పెట్టుకుంటున్నారు, అంతే కదా. బండి కదిలేముందు దండం పెట్టుకోనివాళ్లెవరు? లారీవాళ్లు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, ఆటోవాళ్లు హ్యాండిలు ముట్టుకుని వేళ్లు కళ్లకద్దుకుంటారు, దాలయ్య మావయ్యయితే రిపేరుకొచ్చిన పరాయి బండికైనా స్టీరింగు తాకి నుదుటికి ఆనించుకోనిదే సెల్ఫు కొట్టడు. ఒక నిమిషం పడుతుంది. గౌరి ఊపిరిని చప్పుడు కాకుండా వదిలింది. మావయ్య వీధి చివర బడ్డీలో టీకి వెళ్లాడు. పొద్దున్న ఏడింటికి ఇద్దరూ కూర్మన్నపాలెం వచ్చి, అమ్మగారి ఇంటి పోర్టికోలోనే ఈ తెల్ల అంబాసిడర్‌కి కొత్త కిట్టు బిగించారు. మావయ్య ఒక్కసారి స్టార్టు చేసి చూశాడు, ఇంజను ఆడింది, ఆపేసి సామాను సర్దమన్నాడు. గౌరి సర్దలేదు.

"అమ్మగారు తానం సేసొచ్చి, ఆవిడ సేత్తో టార్టు సేసిందాకా నానీడే కూకుంటాను మావయ్యా."

"ఏటే గుంటా, ఆడింది కదా. ఇంకేటి సూత్తావు?"

"మొన్న షెడ్డులో కూడా ఆడింది."

మావయ్య తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ గేటు దాటాడు.

మొన్నంటే పన్నెండు రోజుల కిందట. మొదటి కిట్టు. అమ్మగారి మేనల్లుడు సాయిశంకర్ పోర్టులో పనిచేస్తాడు, ఆయనే ఎక్కడి నుంచో తెప్పించాడు. పాత బళ్లలో డిస్ట్రిబ్యూటరు మూత కింద పాయింట్లని రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి, ఇంజను తిరిగినంతసేపూ అవి కలుస్తూ విడిపోతూ ఉండాలి, విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. కలిసి విడిపోయేవి ఏవైనా అరుగుతాయి, నల్లబడతాయి, వాటి మధ్య సందు వెంట్రుకవాసి మారినా బండి దగ్గుతుంది. కిట్టులో ఆ గొడవ లేదు. పాయింట్లూ వాటి కండెన్సరూ తీసి అవతల పారేసి, అదే చోట సగం అగ్గిపెట్టెంత నల్లటి ముక్క బిగించాలి, రోటరు కింద అయస్కాంతపు రింగు తొడగాలి, ఎర్ర వైరొకటీ నల్ల వైరొకటీ, రవ్వకి కావలసిన కరెంటు పెంచి పంపే కాయిలుకి కలపాలి. అరిగేది లేదు, ఒకదాన్నొకటి తాకేది లేదు. గౌరి మొదటిదాన్ని కాగితంలో బొమ్మలు చూసుకుంటూ గంటన్నరలో బిగించింది. అమ్మగారు మావయ్య షెడ్డు నుంచి ఇంటిదాకా నడుపుకుంటూ వెళ్లారు, ఎప్పుడూ ఇంత మెత్తగా పోలేదని ఫోను కూడా చేశారు. మర్నాడు పొద్దున్న బండి కదల్లేదు. మూత తీస్తే నల్ల ముక్క ఒక పక్క ఉబ్బి, కాలిన ప్లాస్టిక్కు వాసన. సాయిశంకర్‌గారు మావయ్యతోనే అన్నారు, గౌరి పక్కనే నిలబడి ఉంది, "ఎర్ర వైరేదో నల్ల వైరేదో తెలియని పిల్ల చేతికిస్తే ఇలాగే ఉంటుంది దాలయ్యా."

వైర్లు మార్చి పెట్టలేదు. మూడుసార్లు చూసింది. కానీ ఒట్టేసి చెప్పగలదా? బస్సులో కూర్చున్నా, అన్నం కలుపుకుంటున్నా, తల దువ్వుకుంటున్నా ఆ పన్నెండు రోజులూ ఆమె వేళ్లు ఆ కిట్టుని మళ్లీమళ్లీ బిగిస్తూనే ఉన్నాయి, ఎర్రది ఇక్కడ, నల్లది ఇక్కడ, మరలు బిగువు, ఎర్తు వైరు శుభ్రం, ఎక్కడా తప్పు లేదు, అయినా కాలింది. తప్పు కనబడకపోవడమే భయం. కనబడితే ఇంకోసారి చెయ్యకుండా ఉండొచ్చు. అమ్మకు మాట కూడా ఇచ్చేసింది. ఇవాళ శనివారం. రెండోదీ కాలిపోతే సోమవారం నుంచి పరవాడ మందుల కంపెనీ బస్సెక్కుతుంది. బస్సు సబ్బవరం అవతల వాళ్ల ఊరి రోడ్డు మీదికే వస్తుంది, పెద్దమ్మ కూతురు హిమబిందు ఆ బస్సులోనే వెళుతుంది, సూపర్‌వైజరుతో చెప్పి ఉంచింది. "టోపీ ఎట్టుకుని, గ్లౌజులేసుకుని, మాత్రలు డబ్బాల్లో ఎట్టడవే కదే, సేతులు నల్లబడవు, నలుగురాడపిల్లల్లో ఉంటావు" అంటుంది అమ్మ. చేతులు నల్లబడవు. గౌరి ఒళ్లో ఉన్న తన చేతుల్ని చూసుకుంది. కుడి బొటనవేలి గోరు చుట్టూ గ్రీజు సన్నటి గీతగా దిగిపోయి ఉంది, ఏ సబ్బుకీ పోదు. ఐటీఐలో చేరిన మొదటి నెలలో అది చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు అది లేకుండా తన వేలు ఎలా ఉంటుందో గుర్తు లేదు.

ఇంకా దండం అవలేదు. గౌరి ఓరగా చూసింది. తులసిమాల మీద అమ్మగారి బొటనవేలు ఒక్కో పూసనీ దాటుకుంటూ పోతోంది, ఏ తొందరా లేదు, ఒక్కో పూసకీ ఒక నామం, పెదవులు కదులుతాయి, మాట బయటికి రాదు. మాల మొదట్లో ఎర్రదారం ముడి ఉంది, అక్కడి నుంచి పదో పన్నెండో దాటాయేమో. నూట ఎనిమిది పూసలుంటాయి అలాంటి మాలకి. అన్నీ తిప్పుతారా? తిప్పనీ. బండి ఆవిడది, దేవుడు ఆవిడవాడు, తనకేం తొందర. తొందరపడితే ఏదీ కనబడదని నేర్పింది మావయ్యే. చెప్పి నేర్పలేదు, నేర్పాల్సివచ్చింది. రెండేళ్ల కిందట మావయ్య రెండు కళ్లలోనూ శుక్లాలు దిగాయి, పాయింట్ల మధ్య సందు ఆయనకి కనబడడం మానేసింది. ఆ సంగతి షెడ్డుకొచ్చేవాళ్లకి తెలియదు. ఆయన బానెట్టు మీదికి వంగి గంభీరంగా హూ అంటూ ఉంటే, పక్కన టార్చి పట్టుకున్నట్టు నిలబడి గౌరి సందు పెట్టేది. కొలతకి గేజీ వాడేవాళ్లు కాదు. మావయ్య చొక్కా జేబులో ఒక పాత శుభలేఖ ముక్క ఉండేది, రెండు వేళ్ల వెడల్పు. అది పాయింట్ల మధ్య నుంచి లాగితే పట్టీపట్టనట్టు జారాలి. ఎవరి పెళ్లిదో ఎవరికీ తెలియదు. ముక్క మీద ఒక మూల పసుపు మరక, మధ్యలో 'చి॥ సీతారామాం' అన్నంతవరకూ పేరు, మిగతాది కత్తిరించిన చోట పోయింది. ఆ పెళ్లికొడుక్కిప్పుడు మనవలు పుట్టి ఉంటారు, వాళ్లకి తమ తాత పేరులో సగం గాజువాక చుట్టుపక్కల అంబాసిడర్లనీ ఫియట్లనీ ఇన్నేళ్లు నడిపించిందని తెలియదు. "ఏటండీ సీతారామాం గారూ, బాగున్నారా" అని మావయ్య పొద్దున్నే దాన్ని పలకరించేవాడు. సీతారామాం గారు ఇప్పటికీ ఆ జేబులోనే ఉన్నారు, చేసేందుకు పని లేకుండా.

స్టీలు ప్లాంటు సైరను మోగింది. ఎక్కడో దువ్వాడ వైపు గూడ్సుబండి ఒకటి సుదీర్ఘంగా కూసి ఆగింది, దానికి సిగ్నలు దొరకలేదు కాబోలు. పోర్టికో పక్కన మామిడి ఆకుల మీద ఎప్పటిలాగే ఎర్రటి పొడి, వేలితో రాస్తే పేరు రాసుకోవచ్చు. అమ్మగారి భర్త ప్లాంటులో కోకు ఓవెన్ల దగ్గర పనిచేసేవారు, గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఈ బండి ఆయనదే. గౌరి ఆయన్ని ఒకే ఒక్కసారి చూసింది, షెడ్డులో కుర్చీ వేసినా కూర్చోకుండా బానెట్టులోకి తొంగిచూస్తూ మావయ్యతో సమానంగా వాదించే మనిషి, ఎడమ సీట్లో అమ్మగారు బత్తాయిలు వొలుస్తూ కూర్చుని ఉన్నారు. ఆయన పోయాక బండి అమ్మేస్తారని అందరూ అనుకున్నారు. ఆవిడ డ్రైవింగు స్కూల్లో చేరారు, అరవై దాటాక, చిన్న కార్లలో నేర్చుకుని వచ్చి ఈ పెద్ద స్టీరింగు పట్టుకున్నారు. మూడేళ్లయింది. అప్పటి నుంచి బండి మరీ మొండికేస్తోందని మావయ్య అనేవాడు. నెలకోసారి పాయింట్లు మాడిపోయేవి. మూడేళ్లలో రెండు కాయిళ్లు పోయాయి. "సముద్రం గాలే తల్లీ, ఇనుప మనిసినైనా తినేత్తాది" అనేవాడు మావయ్య. కానీ అదే గాలిలో అదే వీధిలో ఉన్న వాళ్ల బళ్లకి కాయిళ్లు పోలేదు. ఈ సంగతి గౌరి అప్పుడే గమనించింది. గమనించి ఊరుకుంది. గమనించినవన్నీ చెబుతూ పోతే ఎక్కడ ఆగాలో ఆమెకి తెలియదు.

ముప్ఫై పూసలు. కారులో ఉక్కపోసింది. స్వామి ముందు బల్బు చిన్నదే అయినా పటం అద్దం మీద పడి కంటికి గుచ్చుకుంటోంది. ఇలాంటి బల్బే బళ్లో జ్యోతిర్మయి టీచరు తెచ్చింది. ఎనిమిదో తరగతి, జిల్లా పరిషత్తు హైస్కూలు, రేకుల షెడ్డు కింద సైన్సు పాఠం. టీచరు సబ్బవరంలో బస్సెక్కి వచ్చేది, ప్రయోగాల గది లేదు కాబట్టి ప్రయోగశాల ఆమె చేతిసంచీలోనే ఉండేది: మేకు, రాగి తీగె, టార్చి బ్యాటరీలు, రెండు బల్బులు. మేకుకి తీగె చుట్టి రెండు కొసలూ బ్యాటరీకి తాకిస్తే మేకు గుండుసూదుల్ని లాక్కుంటుంది. ఒక్కొక్కరూ వచ్చి పట్టుకోండి అంది. గౌరి వంతు వచ్చేసరికి గుండుసూదులు ఎలా వేలాడుతున్నాయో చూస్తూ తీగె వదలడం మరిచిపోయింది. ఒక దాని కొసకి ఇంకోటి, దానికి ఇంకోటి, గొలుసు. వేళ్లు చుర్రుమన్నాయి. అయినా వదల్లేదు, అందరూ చూస్తుండగా వదిలేస్తే నవ్వుతారని. టీచరే వచ్చి తీగె లాగేసింది, బొబ్బలెక్కిన రెండు వేళ్ల మీద కుండలో నీళ్లు పోసింది. "పనున్నంతసేపు పట్టుకో, పనైపోయాక వదిలెయ్యాలమ్మా. తీగెలో కరెంటు ఊరికే పారుతుంటే అంతా వేడి కింద మారుతుంది. ఇంతసేపు ఎందుకు పట్టుకున్నావు? మాట్లాడవేం?" గౌరి ఆ తర్వాత చాలాకాలం ఆ వేలి మచ్చని చూసుకుని టీచరు మాటనే తలుచుకునేది.

ఊరికే పారుతుంటే.

బల్బు వెలుగుతోంది. బల్బు వెనక నుంచి రెండు సన్నటి వైర్లు, ఒకటి పచ్చది, ఒకటి నల్లది, పటం అంచు వెంట దిగి, డాష్‌బోర్డు సందులోకి పోయాయి. చక్కగా చేసిన పని, ఎక్కడా వేలాడడం లేదు, జానెడు జానెడు దూరానికి టేపు ముక్క. ప్లాంటులో పనిచేసిన మనిషి చెయ్యి అది. ఆ పచ్చ వైరు ఎక్కడికి పోయి ఉంటుంది? పొద్దున్న బానెట్టు తెరిచినప్పుడు ఫ్యూజుల డబ్బా దగ్గర ఒక పచ్చ వైరు చూసింది, కంపెనీ వైరు కాదు, తర్వాత కలిపింది, తాళం వేస్తేనే కరెంటు వచ్చే వైపు కలిపి ఉంది. అందుకే తాళం ఒక మెట్టు తిరిగితే స్వామి వెలిగాడు. తిప్పకపోతే వెలగడు. అమ్మగారు దండం పెట్టుకోవాలంటే ముందు బల్బు వెలగాలి, బల్బు వెలగాలంటే తాళం వెయ్యాలి, తాళం వేస్తే బల్బు ఒక్కదానికే కాదు, కాయిలుకీ కరెంటు పోతుంది, కాయిలు నుంచి నల్ల ముక్కకీ. ఇంజను తిరగడం లేదు. రవ్వ లేదు, పని లేదు, కరెంటు మాత్రం పారుతోంది. ఇప్పుడు. ఈ పూసకి. ఈ పూసకి కూడా.

గౌరి వీపు నిటారయింది. కాగితంలో ఉంది ఆ మాట. ఇంగ్లీషులో, అడుగున, చిన్న అక్షరాల్లో, ఇంజను ఆడనప్పుడు తాళం వేసి ఉంచరాదు అని. తెలుగు బళ్లో చదువుకున్నది, ఇంగ్లీషు వాక్యం ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతుంది, అందుకే ఏదీ వదిలిపెట్టదు, ఆ వాక్యాన్నీ వదిలిపెట్టలేదు. చదివింది, అర్థమైంది, ఇంజను ఆడకుండా తాళం వేసుకుని ఎవరు కూర్చుంటారులే అనుకుని కాగితం మడిచింది. ఎవరు కూర్చుంటారు. ఈవిడ కూర్చుంటారు. మూడేళ్ల నుంచీ రోజూ కూర్చుంటున్నారు. కాయిళ్లు పోయింది సముద్రం గాలికి కాదు. పాయింట్లు మాడింది ఇందుకే. పాత పాయింట్లు మొండివి, నెల రోజులు ఓర్చుకునేవి, ఈ నల్ల ముక్క సున్నితం, ఒక్క రోజులో పోయింది. ఎర్ర వైరు ఎర్ర వైరు దగ్గరే ఉంది. నల్ల వైరు నల్ల వైరు దగ్గరే ఉంది. తప్పు చేతిలో లేదు. తప్పు మాటలో ఉంది, చెప్పని మాటలో.

యాభై దాటాయి పూసలు. ఇంకా సగం. ఇప్పటికి ఎంతసేపయింది? ఎనిమిది నిమిషాలా, తొమ్మిదా? మొన్న ఎంతసేపటికి ఉబ్బింది? ఎవరికి తెలుసు. చెప్పాలి. ఏమని చెప్పాలి? అమ్మగారూ అని పిలవాలి. పిలిస్తే మాల ఆగుతుంది. జపంలో ఉన్న మనిషిని పిలవకూడదు, పిల్లి అడ్డమొస్తేనే వెనక్కెళ్లి కూర్చునే మనుషులు. మావయ్య వస్తాడేమో. గేటు వైపు చూసింది, గేటు వేసే ఉంది. మావయ్య టీ ఒక గ్లాసుతో ఆపడు. పోనీ అవనీ, కళ్లు తెరిచాక చెబుదాం, ఇంకా సగమే కదా, ఓర్చుకుంటుందేమో. ఓర్చుకోకపోతే? గౌరి ఎప్పుడూ ఎవర్నీ ఆపలేదు. తన స్టేజీ వచ్చినప్పుడు కండక్టరు చూడకపోతే ఆపండని అరవడానికి నోరు రాక, తర్వాతి స్టేజీలో దిగి నడిచి వెనక్కొచ్చేది. బళ్లో వేళ్లు కాలుతుంటే వదల్లేదు. సాయిశంకర్‌గారు ఆ మాట అన్నప్పుడు నేల చూసింది. ఇప్పుడు దేవుడి ముందు దీపం ఆర్పాలి. ఆర్పడమంటే ఏమిటి, దీపమే ఆరిపోతే అపశకునం, ఆడపిల్ల చెయ్యి చాచి ఆర్పితే దాన్నేమంటారు? పోయిన మనిషి పెట్టిన దీపం. యాభై ఎనిమిది. ఆవిడ బొటనవేలు ఆగదు. వేడి కనబడదు, వాసన వచ్చేసరికి అయిపోతుంది. యాభై తొమ్మిది. మాత్రలు డబ్బాల్లో పెట్టడం, టోపీ, గ్లౌజులు. అరవై.

ఆమె చెయ్యి వెళ్లింది. స్టీరింగు కింద నుంచి, అమ్మగారి మోచేయి తగలకుండా, తాళం పట్టుకుని వెనక్కి తిప్పింది. టిక్కుమంది. ఎర్ర దీపం పోయింది, ఆయిలు దీపం పోయింది, స్వామి ముందు చీకటయింది.

వెంకటరమణమ్మగారు కళ్లు తెరిచారు. ముందు పటం చూశారు. తర్వాత తాళం మీదున్న గౌరి చేతిని.

"ఏంటమ్మా ఇది?"

గౌరి బల్బుని చూపించింది, వైరుని చూపించింది, వేలితో డాష్‌బోర్డు మీద గీత గీస్తూ తాళం దాకా వచ్చింది.

"కాలిపోతాదండి. ఇంజనాడకండా తాళం ఏసుంచితే కాయిలు కాలతాదండి, కిట్టూ కాలతాది."

"నేను దండం పెట్టుకుంటే కాలిపోతుందా?"

"దండం వల్ల కాదండి. తాళం వల్ల."

ఆవిడ మాలని ఆ పూస దగ్గరే వేళ్ల మధ్య పట్టుకున్నారు. కోపం తెచ్చుకోవాలా వద్దా అన్నదానికి కూడా లెక్క చూసుకునే మనిషిలా ఉన్నారు.

"రోజూ ఇంతసేపూ కూకుంటారాండి?" అంది గౌరి.

"పొద్దున్న ఇంట్లోంచి తీసేటప్పుడు, నూట ఎనిమిదీ అయ్యేదాకా. మా వారు ఉన్నప్పుడు ఆయన తాళం వేస్తూనే స్టార్టు చేసేసేవారు, ఓ దండం పెట్టేలోపు గేటు దాటేవాళ్లం. వేస్తే వెలగాలి, తీస్తే ఆరాలి అని ఆయనే పెట్టారీ బల్బు. ఇప్పుడు తరిమేవాళ్లు లేరుగా."

"మరి ఆ రోజండి? కిట్టెట్టిన మర్నాడు?"

"ఆ రోజు ఆయన తిథి," అన్నారు అమ్మగారు. "మాల మూడుసార్లు తిప్పాను."

ఇద్దరూ బానెట్టు వైపు చూశారు. గౌరికి ఇక్కడితో ఆగిపోవచ్చనిపించింది. అంతా తేలిపోయింది, తప్పెవరిదో తెలిసిపోయింది, సాయిశంకర్‌గారికి కూడా తెలుస్తుంది. కానీ ఆగిపోతే సగమే చెప్పినట్టు.

"కాయితంలో రాసుందండి, తాళం ఏసుంచద్దని. నాను సదివాను. అలగెవులు కూకుంటారులే అనుకుని మీకు సెప్పనేదండి. వైర్లు సరిగ్గానే కలిపాను గానీ, తప్పు నాదేనండి."

"నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు," అన్నారు ఆవిడ. "ముందు దిగి చూడు, ఉందో పోయిందో."

దిగి బానెట్టు ఎత్తింది. కాయిలు మీద అరచెయ్యి ఆనించింది. షెడ్డు లెక్క ఒకటుంది, ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచగలిగితే ఇంకా ఆశ ఉన్నట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర చెయ్యి దానంతటదే వచ్చేసింది. మూత క్లిప్పులు తీసింది. నల్ల ముక్క ఉబ్బలేదు. దగ్గరగా వంగి వాసన చూసింది, కొత్త ప్లాస్టిక్కు, ఆయిలు, తన చేతి సబ్బు. ఉబ్బనంత మాత్రాన బతికి ఉందని కాదు. చల్లారాలి. గేటు చప్పుడైంది, మావయ్య వచ్చాడు.

"ఏటైనాది? బానెట్టెందుకు లేపినావు?"

చెప్పింది. నాలుగు ముక్కల్లో, వేలితో చూపిస్తూ. ఆయన పచ్చ వైరుని పట్టుకుని డాష్‌బోర్డు దాకా వెళ్లి, మళ్లీ ఫ్యూజుల డబ్బా దాకా వచ్చాడు, కళ్లు చికిలించి, కనబడని చోట వేళ్లతో తడుముకుంటూ. చివరికి మడ్‌గార్డుకి ఆనుకుని నిలబడ్డాడు.

"మూడేళ్లు," అన్నాడు. "మూడేళ్లు సముద్రాన్ని తిట్టినాను గదే."

అమ్మగారు లోపల నుంచి, "రెండు కాయిళ్లు కూడా నా ఖాతాయేనా దాలయ్యా?" అన్నారు.

"దేవుడి ఖాతాలో రాసేద్దాం అమ్మగారూ, ఆయనైతే ఏటీ అనుకోడు."

ఆవిడ నవ్వారు. గౌరికి మాత్రం కాయిలు చల్లారేదాకా నవ్వు రాదు. చెయ్యడానికి పని కావాలి. స్క్రూడ్రైవరు తీసుకుంది. ఈ బండికి హారన్ తాళం లేకపోయినా మోగుతుంది, ఫ్యూజుల డబ్బాలో దానివైపు కరెంటు ఎప్పుడూ ఉంటుంది. పచ్చ వైరుని తాళం వైపు నుంచి విప్పి హారన్ వైపు బిగించింది. ఒక్క మర. మధ్యలో స్విచ్చి కావాలి, లేకపోతే స్వామి రాత్రీపగలూ వెలిగి బ్యాటరీ తాగేస్తాడు. పెట్టెలో పడక దీపానికి పెట్టే చిన్న స్విచ్చి ఒకటుంది, ఎవరింట్లోనో విప్పినది, వైరు కోసి దాన్ని పటం కింద కలిపింది. స్విచ్చి డాష్‌బోర్డు సందులో సరిగ్గా కూర్చోలేదు, ముట్టుకుంటే కదులుతోంది. అడుగున ఏదైనా ముక్క పెట్టాలి. వెతుకుతుంటే మావయ్య చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. శుభలేఖ ముక్క తీసి, ఒకసారి వెలుగులో పట్టి చూసి, రెండుగా మడిచి స్విచ్చి కింద దోపాడు. కదలడం మానేసింది.

"కూకోండి సీతారామాం గారూ," అన్నాడు. "ఇంక సామి కాళ్ల కాడే."

గౌరి ఫోను మోగింది. అమ్మ. సోమవారం కోసం ఫోటోలు రెండు, ఆధారు జిరాక్సు తెచ్చుకోమని చెప్పడానికై ఉంటుంది. మోగనిచ్చింది. కాయిలు మీద మళ్లీ అరచెయ్యి పెట్టింది. ఐదు దాటింది, పది దాటింది, ఇరవై లెక్కపెట్టి తీసింది. మూత పెట్టి క్లిప్పులు వేసింది.

"టార్టు సెయ్యండి అమ్మగారూ, సూసేద్దాం," అన్నాడు మావయ్య.

"సగంలో ఆగింది కదయ్యా. అలా వదిలేసి బండి తీస్తానా? మళ్లీ మొదటి నుంచీ."

మావయ్య నోరు తెరిచి మూసేశాడు. గౌరి ఎడమ తలుపు తీసుకుని తన సీట్లో కూర్చుంది. అమ్మగారు తాళం పూర్తిగా బయటికి తీసి, ఎక్కడ పెట్టాలో తోచనట్టు ఒక్క క్షణం పట్టుకుని, గౌరి అరచేతిలో పెట్టారు. స్విచ్చి నొక్కారు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం లేదు, ఆయిలు దీపం లేదు. స్వామి ఒక్కడే వెలిగాడు. ఆవిడ ఎర్రదారం ముడి దగ్గర బొటనవేలు పెట్టి కళ్లు మూసుకున్నారు.

ఒకటి. రెండు. ఇప్పుడు ఏదీ కాలడం లేదు, ఎంతసేపైనా తిప్పుకోవచ్చు, అదే గౌరికి కష్టంగా ఉంది. కాలిపోతుందన్న భయంలో చెయ్యడానికి ఏదో ఒకటి ఉంది. ఇందులో ఏమీ లేదు. గూడ్సుబండికి సిగ్నలు దొరికినట్టుంది, పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కుంటున్న చప్పుడు వరసగా సాగి తగ్గిపోయింది. నల్ల ముక్క బతికి ఉంటే బతికి ఉంది, చచ్చి ఉంటే ఇప్పటికే చచ్చి ఉంది, ఈ నూట ఎనిమిది పూసల్లో మారేదేమీ లేదు. బతికి లేకపోతే సోమవారం బస్సు. వెళుతుంది, మాటిచ్చింది కాబట్టి వెళుతుంది, కానీ ఎందుకు కాలిందో తెలిసి వెళుతుంది. అది వేరు. పన్నెండు రోజుల నుంచి ఆగకుండా కిట్టు బిగిస్తున్న వేళ్లు ఇప్పుడు తాళం చుట్టూ ముడుచుకుని ఊరుకున్నాయి. మావయ్య బానెట్టు పక్కన తల ఒక వైపు వంచి నిలబడ్డాడు, కళ్లు మసకబారినవాడికి చెవులే గేజీ. నలభై. డెబ్బై. తాళం చెమటకి తడిసింది. నూరు. నూట ఎనిమిది. పెదవులు ఆగాయి. వెంకటరమణమ్మగారు మాలని కళ్లకద్దుకుని, కళ్లు తెరవకుండానే ఎడమ చెయ్యి చాపారు. గౌరి ఆ చేతిలో తాళం పెట్టింది.

ఒక మెట్టు. రెండో మెట్టు. సెల్ఫు గరగరలాడింది, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఇంజను అందుకుంది. అందుకుని వదల్లేదు. దగ్గు కోసం ఎదురుచూశారు ముగ్గురూ. రాలేదు. బానెట్టు సన్నగా వణుకుతూ ఒకే శ్రుతిలో ఉండిపోయింది. మావయ్య తల నిటారుగా ఎత్తాడు, కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఆడింది కదా. ఇంక దిగు."

"రేపు పొద్దున్న కూడా వచ్చి సూత్తాను మావయ్యా."

"రేపు ఆదోరం."

"అయితే ఏటి? ఆదోరం దండం ఎట్టుకోరా?"

"ఎల్లుండో?"

"ఎల్లుండి షెడ్డుకే వత్తాను," అంది గౌరి. ఫోను తీసి అమ్మకి కలిపింది, మోగుతుండగా చెవి దగ్గర పెట్టుకుంది.

అమ్మగారు గేరు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసి, పటం కింద స్విచ్చి దగ్గర వేలుంచారు. "అమ్మాయ్, బండి నడుస్తున్నప్పుడు ఇది ఆపెయ్యాలా?"

"అక్కర్లేదండి," అంది గౌరి. "ఇంజనాడతంది కదా. ఎలగనీండి."